ఇనుప గిన్నెలో మొదటి వంట

మీ కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజున అగ్గిపుల్ల గీసింది ఎవరు? గుర్తుండే ఉంటుంది, ఫొటో కూడా ఉంటుంది. మరి ఆ ఫొటోలో లేనిదెవరు? పెరట్లో గిన్నెలు కడుగుతూ, తంతు ముగిసేదాకా ఎవరూ పిలవకుండా ఉండిపోయిన పిన్నో, మేనత్తో, అక్కో ఒకరుంటారు. ఆవిడ పేరు చెప్పగలరా?

నేను చెప్పలేకపోయాను. తెనాలిలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ముహూర్తం వద్దన్నాను, పురోహితుడు వద్దన్నాను. పాలు మాత్రం పొంగించాం, సరదాకి. ఆ సరదా జరుగుతున్నంతసేపూ మా మేనత్త ఎక్కడ నిలబడిందో నాకు ముప్ఫై ఏళ్ల తర్వాత, భూపాలపల్లిలో ఒక రేకుల షెడ్డు ముందు గుర్తొచ్చింది. అక్కడికి ఎలా చేరానో చెబుతాను. చేతిలో తొమ్మిది కిలోల ఇనుప గిన్నెతో చేరాను.

స్వరూప నా పాత విద్యార్థిని. హన్మకొండలో నేను పాఠాలు చెప్పిన మూడేళ్లలోనూ వక్తృత్వ పోటీలకు నా తర్ఫున నిలబడి ఎదుటి పక్షాన్ని చీల్చి చెండాడిన పిల్ల. పెళ్లయి భూపాలపల్లి వెళ్లింది. భర్త లారీ నడిపేవాడు; రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచీ గనుల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లకు ఇంటి నుంచే టిఫిన్ డబ్బాలు కట్టి అత్తగారినీ కూతుర్నీ పోషిస్తోంది. ఉగాది వెళ్లిన వారానికి ఫోన్ చేసింది. రోడ్డు మీద సొంతంగా చిన్న హోటల్ తెరుస్తోందట. "ఆదివారం పొయ్యి ముట్టిస్తున్నం సార్, మీరు రావాలె" అంది.

ముట్టించేది ఎవరని అడిగాను, అలవాటు కొద్దీ.

"మా ఆడబిడ్డ సార్. మొదటి పొయ్యి నేను ముట్టియ్యొద్దంట."

వస్తున్నానని చెప్పాను. నేను బయల్దేరింది టిఫిన్‌కి కాదు, యుద్ధానికి.

యుద్ధానికి వెళుతూ ఒక కానుక కూడా పట్టుకెళ్లాను. విజయవాడలో పోతపని చేసే మిత్రుడు ఒకడు విదేశీ బొమ్మ చూసి ఒక గిన్నె పోశాడు. దాన్ని డచ్ ఓవెన్ అంటారట. మందపాటి పోత ఇనుము, కింద మూడు పొట్టి కాళ్లు, పైన బరువైన మూత. మూతకి చుట్టూ అంచు ఉంటుంది. ఆ అంచు లోపల నిప్పులు పోస్తే కిందా పైనా సెగ తగిలి వంట అవుతుంది. ఆరుబయట వండడానికి ఇంతకు మించినది లేదన్నాడు. ఇస్తూ ఒక జాగ్రత్త చెప్పాడు: మొదటి రెండు మూడు సార్లు నూనె బాగా పోసే వంటలే చెయ్యాలి, పులుపు తగలకూడదు. ఎందుకని అడిగాను. "మా నాన్న చెప్పేవాడు" అన్నాడు. ఈ దేశంలోని మూఢనమ్మకాలన్నిటికీ పుట్టిల్లు ఆ ఒక్క మాటే కదా అని అతనికి అరగంట ఉపన్యాసం ఇచ్చి, గిన్నె సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

జనగామ, రఘునాథపల్లి

ఫోన్లో అనుకున్నట్టే జనగామ స్టేషన్లో యాకూబ్ పాషా ఎదురొచ్చాడు. హన్మకొండలో నేను అద్దెకున్న ఇంటి కింద అతనికి గిన్నెల దుకాణం ఉండేది. ఇప్పుడు దుకాణం లేదు, ఒక ట్రాలీ ఆటో ఉంది. స్టీలు, సత్తు గిన్నెలు వేసుకుని అంగడి రోజుల్ని బట్టి, అంటే సంతల్ని బట్టి, ఊళ్లు తిరుగుతాడు. ఆ వారం అతని దారి రఘునాథపల్లి, తొర్రూరు, కురవి మీదుగా ఉంది. శనివారానికి భూపాలపల్లి చేరుస్తానన్నాడు. చుట్టుదారే, కానీ ఊళ్లు చూస్తూ వెళ్లాలనుకున్న నాకు కావలసిందీ అదే. నా గిన్నెని ఒకసారి ఎత్తి చూసి దింపాడు.

"గిదేదో గొప్ప అన్నట్టు రైల్ల తెచ్చినవా అన్నా? మా దాదీ మూత మీద బొగ్గులు పోసే దమ్ పెట్టేది."

నిజమే. మా అమ్మ కూడా మినపరొట్టెకి మూకుడు మీద మూత పెట్టి నిప్పులు పోసేది. విదేశీ బొమ్మలో చూసేదాకా అది నాకు గుర్తు రాకపోవడం నా చదువు గొప్పతనం.

రఘునాథపల్లి దాటాక కోసిన వరి మడి పక్కన, వేపచెట్టు నీడలో ఆగాం. దారిలో అంగట్లో చింతచిగురు కనబడింది. గుప్పెడు చిగురుకి అడిగిన ధర విని అది బంగారం దుకాణం కాదు కదా అని చూశాను. తెనాలిలో గోంగూర ఎంతటిదో ఇక్కడ చింతచిగురు అంతటిది. చిగురేసి వండిన వేటమాంసం కోసం అల్లుళ్లు అలుగుతారట. అర కిలో మాంసం తెచ్చాం. గిన్నెలో మొదటి వంట చింతచిగురు మాంసమే అని ప్రకటించాను. నా మిత్రుడి హెచ్చరిక గుర్తుంది. గుర్తుంది కనకనే ఆ వంట ఎంచుకున్నాను. మూఢనమ్మకం ఎక్కడ ఎదురైతే అక్కడే దాన్ని కాలితో తన్నాలన్నది నలభై ఏళ్లుగా నేను రాస్తున్న మాట. యాకూబ్‌కి ఆ సంగతి విడమరిచి చెబుతూనే వండాను. అతను ఉల్లిగడ్డలు కోస్తూ తల ఊపాడు.

మూత తీసేసరికి కూర నల్లగా ఉంది. ముదురు ఆకుపచ్చ కాదు, గోధుమ రంగు కాదు, సిరాబుడ్డి నలుపు. నోట్లో పెట్టుకుంటే మేకు చప్పరించినట్టుంది. మాంసం ఉడికింది, చిగురు ఉడికింది, వాటితోపాటు గిన్నె కూడా కొంచెం ఉడికింది.

పక్క మడిలో పశువుల్ని మేపుతున్న ఒక ముసలామె మా పొగ చూసి వచ్చింది. పేరు కనకమ్మ. గిన్నెలోకి తొంగి చూసి, నా ముఖం చూసి, యాకూబ్ ముఖం చూసింది.

"కొత్త ఇనుములో పులుపు ఎవడన్న వండుతడా బిడ్డా? దానికి మొదాలు నూనె తాగియ్యాలె. గది తాగినంక నువ్వేం పోసినా ఊకుంటది."

నేను యాకూబ్ వైపు తిరిగి, గిన్నెలమ్మే మనిషివి, నీకు ఈ సంగతి తెలియదా అని అడిగాను.

"ఎరుకే అన్నా. నువ్వు గంత మంచిగ మాట్లాడుతుంటే నడుమ ఎట్ల ఆపుత?"

కనకమ్మ మమ్మల్ని తన ఇంటికి నడిపించుకుపోయింది. ఊరి చివర రెండు గదుల ఇల్లు, వాకిట్లో పిడకల గూడు. గిన్నెని తవుడుతో తోమింది. పల్లి నూనె లోపలా బయటా పట్టించి, పిడకల నిప్పు మీద బోర్లించింది. పొగ పోయాక మళ్లీ నూనె, మళ్లీ నిప్పు. మూడోసారికి గిన్నె లోపల నల్లరాయిలా మెరిసింది. నేను ముక్కు చీదుకుంటూ పిడకలు అందించాను. నల్లకూర పారేస్తామంటే ఒప్పుకోలేదు. తన కుక్కకి పెట్టింది. కుక్క వాసన చూసి ఆవులించింది.

తన వంతు అన్నం, పచ్చిపులుసు మాకు పెడుతూ ఈ గిన్నె ఎవరికని అడిగింది. స్వరూప సంగతి చెప్పాను. పాపం పిల్ల అని రెండు నిమిషాలు బాధపడింది. తర్వాత, పులుపు గురించి చెప్పిన గొంతుతోనే, ఒక్క రవ్వ తేడా లేకుండా ఇంకో మాట చెప్పింది:

"మొదటి పొయ్యి మాత్రం ముత్తైదువ ముట్టియ్యాలె నాయినా. గిన్నెకు నూనె ఎట్లనో, పొయ్యికి గది గట్ల."

నా నాలుక కొనదాకా వచ్చిన ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. గంట కిందట ఈ అమ్మ చెప్పినదే నిజమైంది. నల్లకూర వాసన ఇంకా నా వేళ్లకే ఉంది.

తొర్రూరు దారిలో

మర్నాడు ట్రాలీ ముందు సీట్లో యాకూబ్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వెనక గిన్నెలు ప్రతి గుంతకీ కచేరీ చేస్తున్నాయి. అతను గేరు మార్చి అడిగాడు.

"ఒకటి అడుగుత, ఏమనుకోకు. ఆ అవ్వ రెండు మాటలు చెప్పింది. ఒకటి నిజమని తేలింది. రెండోది అబద్ధమని నువ్వు ఎట్ల చెప్తవు?"

పుస్తకాల్లోంచి ఏది తీసినా నిన్నటి కూర అడ్డొచ్చింది. తెలియని దాన్ని నమ్మడం ఎంత మూఢత్వమో, తెలుసుకోకుండా తన్నడమూ అంతే మూఢత్వం. నేను రెండో పని చేశాను. పైగా ఒప్పుకోకుండా రాత్రంతా, చిగురు ముదిరిందేమో అని మనసులో వాదించుకున్నాను.

తొర్రూరు అంగట్లో యాకూబ్ గిన్నెలు పరిచాడు. నేను ఒక పక్కన నిలబడి బేరాలు విన్నాను. ఇక్కడి భాష గురించి మా వైపు వాళ్లకి ఒక మాట చెప్పాలి. మా తెనాలి సినిమా హాళ్లలో ఈ యాస వినబడితే చాలు నవ్వేవాళ్లం. దొంగకో, తాగుబోతుకో ఆ మాటలు పెట్టేవారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అంగట్లో ఒక ఆడమనిషి సర్వని వేలితో కొట్టి మోగించి, చెవి దగ్గర పెట్టుకుని, "జర పలుచగున్నది తమ్మీ, నీ మాట లెక్కనే" అంటే యాకూబ్ ధర తగ్గించాడు. పది మాటల్లో మా ఊళ్లో జరిగే బేరం ఇక్కడ ఒక్క మాటలో తెగింది.

సర్వ అంటే ఏమిటో అక్కడే తెలిసింది. మూతి వెడల్పైన గిన్నె. దాని లోపలి గోడకి బియ్యప్పిండి ముద్ద ఒత్తి కాలిస్తే అది సర్వపిండి. నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి, చిల్లుల్లో నూనె పోస్తారు. ఎంత నూనె పోస్తే అంత కరకరలాడుతుంది. నాకు వెంటనే వెలిగింది: పులుపు లేదు, నూనె కావలసినంత. కొత్త ఇనుప గిన్నెకి మొదటి వంట ఇదే కావాలి. మా పోతపని మిత్రుడి తండ్రి తొర్రూరులో పుట్టి ఉంటే అదే చెప్పేవాడు. సరుకులన్నీ అక్కడే కొన్నాం.

కురవి దగ్గర మిరప కల్లం

కురవిలో వీరభద్రస్వామికి మొక్కుబడులు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు చెట్ల కింద వండుకుంటున్నారు. దేవుడితో నాకు పేచీ ఉంది, ఆ వంటలతో లేదు. ముగ్గురు వేర్వేరు మనుషులు, మేమెవరో అడక్కుండానే, తినిపొండని పిలిచారు. మా వైపు కార్తీక మాసంలో కులానికో తోటలో వనభోజనాలు చేసి, ఫ్లెక్సీలు కట్టి, ఫొటోలు దిగుతారు. ఆ ఫ్లెక్సీలు కట్టేవాళ్లని ఒక్కరోజు ఇక్కడికి తెచ్చి కూర్చోబెట్టాలనిపించింది.

మేం వండింది ఊరి బయట ఒక మిరప కల్లం దగ్గర. ఎకరం మేర ఎర్రగా పరిచి ఉంది. పది అడుగుల దూరంలోనే తుమ్ములు మొదలయ్యాయి. కల్లం సోమక్కది. కౌలుకి చేస్తున్న పంట, మనిషి నలభై దాటి ఉంటుంది, తలకి తువ్వాలు. యాకూబ్ దగ్గర రెండు గిన్నెలు కొనే షరతు మీద కాస్త నీడ ఇచ్చింది.

మొదటి సర్వపిండి అడుగు మాడింది, పైన పచ్చిగా ఉంది. నిప్పులన్నీ కింద పోశాను. సోమక్క కాయలు ఏరుతూ ఓరకంట చూస్తోంది. లేచి వచ్చి, రెండు మిరప కట్టెలతో కింది నిప్పుల్లో సగానికి పైగా తీసి మూత మీదికి ఎక్కించింది. కింద తక్కువ, పైన ఎక్కువ. ఇనుము తాగిన వేడి ఊరికే పోదు, కింద నాలుగు నిప్పులు చాలు అంది. ఇదివరకు ఇలాంటి గిన్నెని చూశావా అని అడిగాను. చూడలేదంది, మాడిన దాన్ని చూసింది, అంతే.

రెండోది బంగారు రంగులో వచ్చింది. అంచులు విరిస్తే చప్పుడయింది. మెత్తటి చోట పల్లీ తగిలింది, కరకరలాడే చోట నువ్వు తగిలింది. ముగ్గురం నిలబడే తిన్నాం. యాకూబ్ మాట్లాడకుండా తిన్నాడంటే అది ఎలా ఉందో ఊహించుకోండి.

తింటూ ఆమెని యాకూబ్ ప్రశ్నే అడిగాను. పెద్దవాళ్లు చెప్పినవాటిలో ఏది నిజమో, ఏది కాదో నీకెలా తెలుస్తుంది అని. ఆమె కల్లం వైపు చూపించింది.

"మిరపకాయ మీద మంచు పడితె నల్లగైతదన్నరు సారు. ఒకపాలి కప్పలే, నల్లగయింది. గది నిజం. నెలసరిల ఆడది కల్లంల అడుగువెడితె గుడ నల్లగైతదన్నరు. మూడేండ్ల కింద కూలోళ్లు దొరకలే. వాన మబ్బు పట్టింది. అందరం ఉరికినం, ఎవలు ఎట్లున్నరో ఎవలడుగుతరు? కాయ ఎర్రగనే ఉన్నది. మంచి ధర గుడ పలికింది."

తర్వాత ఎవరైనా ఆ మాట ఎత్తారా అని అడిగాను.

"ఎత్తలే. మా అత్త ఒక్కతే, ఆ సంవత్సరం మిరపకాయ మొండిదన్నది."

నాకు ట్రాలీ ఎక్కేదాకా నవ్వు ఆగలేదు. దొరికింది! నియమాన్ని తన్నొద్దు, మొక్కొద్దు, వండి చూడాలి. చింతచిగురు నియమాన్ని వండి చూశాం, గెలిచింది. నెలసరి నియమాన్ని అవసరమే వండి చూసింది, ఓడిపోయింది. ఇక అగ్గిపుల్ల నియమం మిగిలింది. మహబూబాబాద్‌లో ఆ రాత్రి పడుకునేముందు ప్రయోగం అంతా కాగితం మీద రాసుకున్నాను.

భూపాలపల్లి, శనివారం

నర్సంపేట దాటాక అడవి మొదలైంది. ఇప్పపూలు రాలిన చెట్ల కింద ఆడవాళ్లు బుట్టలతో కూర్చుని ఏరుతున్నారు. భూపాలపల్లి దగ్గరపడేకొద్దీ రోడ్డు అంచులు నల్లబడ్డాయి. ఇక్కడ గనిని బొగ్గుబాయి అంటారు. ఊరంతా షిఫ్టు గంటలతో లేస్తుంది, తింటుంది, పడుకుంటుంది.

స్వరూప హోటల్ నాలుగు రేకులు, మూడు బల్లలు, ముందు వేపమొక్క. ఆమె గిన్నెని చూసి మురిసిపోయింది. మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. అత్తగారు మల్లమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, గడప మీద కూర్చుని గిన్నె బరువు కళ్లతోనే తూచింది. ఆమె భర్త భూగర్భ గనిలో పనిచేసేవాడు, చనిపోయి ఇరవై ఏళ్లయింది. పరకాలలో ఉండే కూతురు, అంటే స్వరూప ఆడబిడ్డ, రజిత కూడా మర్నాటి కోసం వచ్చేసింది. పసుపు, కుంకుమ, కొత్త అగ్గిపెట్టె ఒక పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి.

టీ చేతికి వచ్చిందో లేదో మొదలుపెట్టాను. గంటసేపు మాట్లాడి ఉంటాను. వెనక యాకూబ్ దగ్గుతున్నాడు. స్వరూప అంతా విని నిదానంగా చెప్పింది.

"క్లాసుల గుడ గిట్లనే చెప్పేటోళ్లు సార్ మీరు. చెప్పి బస్సెక్కి పోయేటోళ్లు. నేను గీడనే ఉండాలె."

అప్పుడు నా కాగితం బయటికి తీశాను. ఒకే పిండి, ఒకే గిన్నె. ఒకసారి రజిత ముట్టించిన నిప్పు మీద, ఒకసారి స్వరూప ముట్టించిన నిప్పు మీద కాలుద్దాం. ఏది ఎవరిదో తినేవాళ్లకి చెప్పొద్దు. మల్లమ్మగారే తిని తేడా ఉందేమో చెప్పాలి. సోమక్క కల్లం కథ కూడా కలిపి చెప్పాను. నా లెక్కలో ఇక తిరుగు లేదు.

స్వరూప ముఖం ఎర్రబడింది. పోటీల్లో ఎదుటివాడి మాట నచ్చనప్పుడు అలాగే అయ్యేది. ఈసారి ఎదుటివాణ్ని నేను.

"నేను చింతచిగురునా సార్, వండి చూసెటందుకు?"

కాగితాన్ని నావైపే తోసింది.

"రెండేండ్ల సంది రోజు పొద్దుగాల నేనే పొయ్యి ముట్టిస్తున్న. షిఫ్టోళ్లు తింటున్రు, అత్తమ్మ తింటది, నా బిడ్డ తింటది. ఇంకేం చూస్తరు? ఇనుముకు పరీక్ష పెట్టున్రి. నేను మంచిదాన్నే అని నేను రుజువు జెయ్యాల్నా?"

నలభై ఏళ్ల డిబేట్లలో నేను ఓడిపోయిన సందర్భాలు తక్కువ. ఇంత న్యాయంగా ఓడిపోయింది ఇదొక్కసారే. రుజువు చెయ్యాల్సింది ఆరోపించినవాడు. అది తర్కంలో మొదటి పాఠం, ఆమెకి నేనే చెప్పాను. అలాంటి నేనే నిందితురాలిని బోనెక్కించి, తీర్పు నీకు అనుకూలంగా వస్తుందిలే అని ధైర్యం చెప్పబోయాను.

యాకూబ్ ఆ బరువు దింపడానికి రఘునాథపల్లి కథ ఎత్తుకున్నాడు. నా ఉపన్యాసం, నల్లకూర, కుక్క ఆవులింత, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. రజిత నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. మల్లమ్మ కూడా నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నావైపు తిరిగింది.

"నా కోడలు చెయ్యి మంచిది కాదని నేనంటనా సారు? ఆ చెయ్యి లేకుంటె నేనేడున్న? గాని రేపు గిరాకి రాకుంటె నలుగురు ఏమంటరు? మొగుణ్ని పోగొట్టుకున్నది పొయ్యి ముట్టిచ్చింది, గందుకే నడుస్తలేదంటరు. ఇనుము చెడితె తవుడుతోని తోముకుంటం. పేరు చెడితె దేనితోని తోముకుంటది బిడ్డ?"

నేను ఎవరితో యుద్ధానికి వచ్చానో అప్పటికి అర్థమైంది. ఈవిడ కోడల్ని వెనక్కి నెట్టడం లేదు, రాళ్లు పడే చోటు నుంచి పక్కకి లాగుతోంది. రాళ్లు వేసేవాళ్లు ఆ షెడ్డులో లేరు. వాళ్లు మనం. ఆ క్షణంలోనే మా మేనత్త గుర్తొచ్చింది. మా ఇంట్లో పాలు పొంగుతున్నప్పుడు పెరట్లో బావి గట్టు దగ్గర నిలబడింది. ఎవరూ వెళ్లమనలేదు. తనే వెళ్లింది. రమ్మని పిలవడానికి హేతువాదికి ఆ రోజు తీరిక లేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున

ఐదింటికే రోడ్డు మీద సైకిళ్ల బెల్లులు. గనిలో షిఫ్టు దిగేవాళ్లు, ఎక్కబోయేవాళ్లు. స్వరూప పిండి కలిపింది. కాలిన గిన్నెలో చేత్తో ఒత్తలేం కనక తడిబట్ట మీద తట్టి జార్చాలని రెండుసార్లు చేసి చూసుకుంది. షెడ్డు బయట రాళ్ల పొయ్యిలో తుమ్మకట్టెలు పేర్చారు. ఇది బొగ్గు ఊరు కదా, బొగ్గే వెయ్యొచ్చుగా అని అడిగితే, బాయి బొగ్గు పెడితే తిండికి పొగ వాసన పడుతుందని మల్లమ్మ కొట్టిపారేసింది.

ఇరుగుపొరుగు ఓ పదిమంది చేరారు. రజిత పొయ్యి రాళ్లకి పసుపు రాసి పళ్లెంలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. స్వరూప చేతులు కడుక్కుని షెడ్డు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఆ నడక నేను ఎరుగుదును. అదే బావి గట్టు నడక. నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది అప్పుడే.

మల్లమ్మ లేచింది. మోకాళ్ల మీద చేతులూని, మెల్లగా, కూతురి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. రజితకి అర్థం కాలేదు. అగ్గిపెట్టె ఇచ్చేసింది. ముసలామె పొయ్యి ముందు చతికిలబడి పుల్ల గీసింది. ఇరవై ఏళ్లుగా ఏ శుభకార్యంలోనూ ముందు వరసలో నిలబడని మనిషి గీసిన పుల్ల. దాంతో ఒక కట్టెపేడు అంటించి, వెనక్కి తిరక్కుండానే పిలిచింది.

"స్వరూపా, ఇటు రా. పట్టు."

స్వరూప రాలేదు. నిలబడిపోయింది. పొరుగావిడ ఒకరు, ఇదేం పని అవ్వా అని గొణిగింది.

"నేను ముట్టిచ్చిన. చూసిన్రు గద అందరు? గిరాకి రాకుంటె నా పేరు చెప్పున్రి. డెబ్బై ఏండ్ల దాన్ని, నన్నేం జేస్తరు? రా బిడ్డా, చెయ్యి కాలుతాంది."

రజిత వెళ్లి వదినె భుజం పట్టుకుని తీసుకొచ్చింది. స్వరూప పేడు అందుకుని పొయ్యిలో పెట్టింది. తుమ్మకట్టె వెంటనే అంటుకుంది. నాలుగు నిప్పులు కింద, మిగతావన్నీ మూత మీద. గొణిగిన పొరుగావిడ తినకుండానే వెళ్లిపోయింది, అది దాచను. మిగతావాళ్లు ఉన్నారు.

మొదటి సర్వపిండి నలుగురు కార్మికులు పంచుకున్నారు. ముఖాల మీద బొగ్గుమసి ఇంకా అలాగే ఉంది. పొయ్యి ఎవరు ముట్టించారని ఒక్కరూ అడగలేదు. ఒకతను ముక్క విరిచి, నమిలి, మూతకేసి చూసి, "ఇంకోటి ఎంతసేపు అక్కా?" అన్నాడు. "గిప్పుడే తమ్మీ" అంటూ స్వరూప తడిబట్ట పరిచింది. ఎనిమిదింటికల్లా పిండి అయిపోయింది. యాకూబ్ బల్లలు తుడుస్తూ, మధ్యాహ్నానికి ఈ గిన్నెలో దమ్ పెడదామని మల్లమ్మతో బేరం మొదలుపెట్టాడు. చింతచిగురు ఎప్పుడు వండొచ్చని నేను అడిగాను. ఇంకో నెల నూనె తాగనియ్యమంది మల్లమ్మ. ఎందుకని అడగలేదు.

స్వరూప హోటల్ నడుస్తుందో లేదో నాకు తెలియదు. మొదటి రోజు నడిచింది. నడవకపోతే దానికి సరుకుల ధరో, రోడ్డు మలుపో, పక్క హోటలో కారణమవుతుంది; అగ్గిపుల్ల కాదు. ఆ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా నా ఒక్కడి మాట చాలదు. అందుకే ఇది రాశాను.

ఇక మీ వంతు. మీ ఇంట్లో వచ్చే శుభకార్యం రోజున నా వ్యాసం తీసి చదవొద్దు, వాదించొద్దు, ఎవరినీ పరీక్ష పెట్టొద్దు. పొయ్యి వెలిగించే ముందు పెరట్లోకి వెళ్లండి. అక్కడ నిలబడి ఉన్న ఆవిణ్ని పేరు పెట్టి పిలవండి. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అగ్గిపెట్టె ఇవ్వండి. రేపు ఎవరైనా ఏమైనా అంటే, మీ పేరు చెప్పమనండి.